కొత్త బియ్యం, పప్పుచారు: కొలతలు చెప్పి సాయం చేయండి

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యింది, పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు. నాలుగు రోజులుగా వంట నాదే. ఇదివరకు టీ తప్ప ఏమీ పెట్టి ఎరగను, స్టవ్ వెలిగించాలంటేనే గుండె దడగా ఉంటోంది.

ముందు అన్నం సంగతి. ఇంట్లో ఉన్నవి కొత్త స్వర్ణ బియ్యం, అదే మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళు 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029 రకం. గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు పోసి కుక్కర్లో పెడితే ముద్దయిపోతోంది. పాత బియ్యమైతే ఆ నీళ్ళు పీల్చుకుంటాయట, కొత్తవాటికి తగ్గించాలట. ఎంత తగ్గించాలండి? లేక గిన్నెలో వండి గంజి వార్చడమే మేలా? వార్చేటప్పుడు చేతిమీద ఆవిరి కొట్టకుండా గిన్నె ఎలా పట్టుకోవాలి? నాకు అన్నిటికంటే భయం అదే.

ఇక పప్పుచారు. కందిపప్పు ఉడక్కముందే చింతపండు పులుసు పోసేశాను. గంటయినా పలుకు పోలేదు. పులుపు తగిలితే పప్పు మెత్తబడదని తర్వాత తెలిసింది. మరి ఆనపకాయ, ములక్కాడ ముక్కలు పులుసు పోయకముందు వేయాలా, పోశాకా? బెల్లం ఎప్పుడు?

అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ పలుకుల పప్పులోనే ఆవకాయ నంజుకుని తినేసింది. ఆదివారానికైనా వేడన్నంలో మెత్తటి ముద్దపప్పు, నెయ్యి వేసి పెట్టాలని ఉందండి. దయచేసి ‘తగినంత’ అనకుండా గ్లాసుల్లో, చెంచాల్లో చెప్పండి.