ఆరోవిల్‌లో చేరాలనుకుంటున్నాను, అక్కడ ఉన్నవారు సలహా ఇవ్వగలరా?

మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న నేను దానిని వదిలి, సొంత ఆస్తి లేకుండా నలుగురితో కలిసి పనిచేస్తూ బతికే సమాజంలో చేరాలని గట్టిగా ఆలోచిస్తున్నాను. 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం ఉన్న జిల్లాలో ఇది వింత ఆలోచన కాకూడదు గానీ, మా బంధువులు మాత్రం నేను సన్నాసుల్లో కలుస్తున్నానని అప్పుడే తీర్మానించేశారు.

1968లో పుదుచ్చేరి సమీపాన మొదలైన అలాంటి సమాజమే ఆరోవిల్; దాని గురించి కొంత చదివాను. అక్కడ ఇంటికి మనం డబ్బు పెట్టినా, ఆ ఇల్లు 1988 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన ఫౌండేషన్‌కే చెందుతుంది తప్ప మన పేరున ఉండదని తెలిసింది. నిజానికి నన్ను ఆకర్షించింది అదే. నన్ను వెనక్కి లాగుతున్నది వేరొకటి: మా నాన్నగారికి రొయ్యల చెరువుల మీద చేసిన అప్పు ఇంకా తీరలేదు, దాని వాయిదాల్లో సగం నా జీతం నుంచే వెళ్తోంది. కొత్తగా చేరినవారు మొదట్లో తమ ఖర్చులు తామే భరించుకోవాలంటే, అప్పు తీరేదాకా ఆగడం తప్ప నాకు దారి లేదా? అక్కడ ఉంటూనే ఇంటికి కొంత పంపగలిగినవారు ఎవరైనా ఉన్నారా? జబ్బు చేస్తే వైద్యం ఖర్చు ఎవరు చూస్తారు? కొంతకాలం స్వచ్ఛంద సేవకుడిగా ఉండి చూద్దామంటే, ఉద్యోగానికి రాజీనామా చేయకుండా అది సాధ్యమేనా? ముఖ్యంగా, కొన్నేళ్లుండి తిరిగి వచ్చినవారు ఎందుకు వచ్చారో, మళ్లీ ఉద్యోగం ఎలా దొరికిందో చెబితే మేలు చేసినవారవుతారు.