ఎండింది ఏమిటి? థీసిస్ ఇంగ్లీషులో యోగ్యత, సన్నిధి

పరిశోధక విద్యార్థిని, లక్ష్మీపురం, గుంటూరు:

అందరికీ నమస్కారం. ఎండుమిర్చిలో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ లాంటి విషాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మెథడ్స్ చాప్టర్‌లో ఒక వాక్యం కింద మా గైడ్ గీత గీసి 'ఆక్‌వర్డ్' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. వాక్యం ఇది: 'హావింగ్ కలెక్టెడ్ ఫ్రమ్ ది మార్కెట్ యార్డ్, డ్రైడ్ అండ్ పౌడర్డ్, అఫ్లటాక్సిన్ వాజ్ మెజర్డ్.' గ్రామర్ చూసే సాఫ్ట్‌వేర్‌లో పెడితే తప్పేమీ పట్టలేదు. తెలుగులో అనుకుంటే నాకు బాగానే వినిపిస్తోంది. తెలుగు గ్రూపులో ఇంగ్లీషు ప్రశ్న అడగొచ్చో లేదో తెలియదు కానీ, కారణం ఇక్కడే దొరుకుతుందేమోనని అడుగుతున్నాను.

బ్రాడీపేట సభ్యుడు:

నిరభ్యంతరంగా అడగొచ్చమ్మా, ఇది సగం తెలుగు ప్రశ్నే. 'తెలుగులో బాగానే వినిపిస్తోంది' అన్నావు చూడు, జబ్బు అక్కడే దొరికింది.

ముందు తెలుగు వాక్యం చూద్దాం. 'యార్డులో సేకరించి, ఎండబెట్టి, పొడి చేసి, అఫ్లటాక్సిన్ కొలిచాం.' సేకరించి, ఎండబెట్టి, చేసి, ఈ మూడూ క్త్వార్థకాలు, అంటే వాక్యాన్ని ముగించని అసమాపక క్రియలు. ఎవరు చేశారన్నది వాటిలో లేదు. చివర 'కొలిచాం' రాగానే అందులోని 'ఆం' వెనక్కి వెళ్లి అన్నిటికీ కర్త అవుతుంది. 'మేము' అనే మాట ఎక్కడా రాయకపోయినా ఆ పనులన్నీ మనం చేసినవేనని తెలుగు చదివేవాడికి తెలిసిపోతుంది.

ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. 'మెజర్డ్' అంటే నేనా, మేమా, వాళ్లా, ఏమీ తెలియదు. అందుకే 'హావింగ్ కలెక్టెడ్' అని మొదలుపెట్టగానే ఇంగ్లీషు పాఠకుడు ఒక కుర్చీ ఖాళీగా ఉంచుకుని కూర్చుంటాడు. కామా దాటాక ప్రధాన వాక్యానికి కర్తగా ఏ నామవాచకం వస్తే దాన్నే ఆ కుర్చీలో కూర్చోబెడతాడు. నీ వాక్యంలో వచ్చింది అఫ్లటాక్సిన్. యార్డుకెళ్లి సేకరించుకొచ్చింది అఫ్లటాక్సిన్, ఎండింది అఫ్లటాక్సిన్, పొడి అయిందీ అదే. పాపం, మిర్చికాయ మాత్రం వాక్యంలో ఎక్కడా లేదు!

తెలుగు ఇంకో వెసులుబాటు కూడా ఇస్తుంది. 'వానలు కురిసి పంటలు పండాయి.' కురిసినవి వానలు, పండినవి పంటలు. కర్తలు వేరైనా కార్యకారణ సంబంధం ఉంది కాబట్టి మన చెవికి ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో దీన్ని 'హావింగ్'తో మొదలుపెట్టి 'ది క్రాప్స్' దగ్గరికి వెళితే పంటలే కురుస్తాయి. 'బికాజ్' అనో 'ఆఫ్టర్ ది రెయిన్స్' అనో విప్పి చెప్పాలి.

వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష (ఒక మాట ఇంకో మాటను కోరడం), యోగ్యత (అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం), సన్నిధి (మాటలు దగ్గరగా ఉండడం) ఉండాలని తర్కసంగ్రహమనే న్యాయశాస్త్ర గ్రంథంలో అన్నంభట్టు చెప్పాడు. పదిహేడో శతాబ్దం నాటి మాట. యోగ్యత లేని వాక్యానికి అక్కడి ఉదాహరణ 'నిప్పుతో తడుపు'. మాటలన్నీ సరైనవే, విభక్తులూ సరైనవే, కానీ నిప్పుకు తడిపే యోగ్యత లేదు. నీ వాక్యానిదీ అదే సమస్య. ఒక్కో మాట విడిగా చూస్తే తప్పు లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఊరుకుంది. మీ గైడ్ చెవి ఊరుకోలేదు. ఆ చెవికి తెలిసిన కారణం కూడా మార్జిన్‌లో రాసి ఉంటే నీకు ఈ టెన్షన్ ఉండేది కాదు, అది వేరే సంగతి.

ఇలా మార్చి చూడు: 'వి కలెక్టెడ్ చిల్లీ శాంపిల్స్ ఫ్రమ్ ది మార్కెట్ యార్డ్, డ్రైడ్ అండ్ పౌడర్డ్ దెమ్, అండ్ మెజర్డ్ దెయిర్ అఫ్లటాక్సిన్ కంటెంట్.' క్త్వార్థకాలన్నీ పూర్తి క్రియలయ్యాయి, ముందు కర్త కూర్చుంది.

రిటైర్డ్ ఇంగ్లీష్ లెక్చరర్, విజయవాడ:

వివరణ బాగుంది కానీ మాస్టారూ, థీసిస్‌లో 'వి' ఏమిటండీ? మా రోజుల్లో 'ఐ', 'వి' కనిపిస్తే కొట్టేసేవాళ్లం. సైన్సు రాత అంటే పాసివ్ వాయిసే.

బ్రాడీపేట సభ్యుడు:

అయ్యా, ఆ పట్టింపు ఇప్పుడు సడలింది. ఆ మాటకొస్తే అప్పుడు కూడా అందరూ పాటించలేదు. 1953లో నేచర్ పత్రికలో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం మీద రాసిన వ్యాసం 'వి విష్ టు సజెస్ట్' అనే మొదలవుతుంది. ఇప్పుడు నేచర్ పత్రికలు రచయితలకు ఇచ్చే సూచనల్లో యాక్టివ్ వాయిసే మేలని చెబుతున్నాయి.

అయినా యూనివర్సిటీ పద్ధతి పాసివ్ అయితే అమ్మాయి పాసివ్‌లోనే రాసుకోవచ్చు. 'చిల్లీ శాంపిల్స్ ఫ్రమ్ ది మార్కెట్ యార్డ్ వర్ డ్రైడ్, పౌడర్డ్ అండ్ టెస్టెడ్ ఫర్ అఫ్లటాక్సిన్.' ఇదీ పాసివే, ఇదీ మంచి వాక్యమే. మెథడ్స్‌లో ఎవరు ఎండబెట్టారన్నది ఎవరికీ అక్కర్లేదు, ఏది ఎండిందన్నదే కావాలి. కాబట్టి అక్కడ పాసివ్ సహజంగా ఉంటుంది. తప్పు పాసివ్‌లో లేదు, కర్త స్థానంలో ఏది కూర్చుందన్న దాంట్లో ఉంది.

చిత్రమేమిటంటే, నోటి తెలుగులో మనం పాసివ్‌ను చూపే 'బడు' దాదాపు వాడం. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు రాసినవాడు కూడా ఇంట్లో 'అద్దెకిస్తాం' అనే అంటాడు. అదే మనిషి ఇంగ్లీషు పేపర్ రాయగానే 'ఇట్ వాజ్ ఫౌండ్ దట్', 'ఇట్ ఈజ్ టు బి నోటెడ్ దట్' అని బోర్డు భాషలోకి దిగుతాడు. వాటిని కొట్టేసినా చాలా వాక్యాలకు ఏ నష్టమూ జరగదు.

పరిశోధక విద్యార్థిని:

చాలా థ్యాంక్సండీ. రిజల్ట్స్‌లో ఇంకొకటి పెడుతున్నాను, ఇది చాలా పొడుగు. 'ది లెవల్స్ ఆఫ్ అఫ్లటాక్సిన్ ఇన్ ది శాంపిల్స్ విచ్ వర్ స్టోర్డ్ ఇన్ గన్నీ బ్యాగ్స్ ఇన్ ది కోల్డ్ స్టోరేజ్ ఫర్ సిక్స్ మంత్స్ వాజ్ హై.' అంకెలు వగైరా తీసేసి, చర్చ కోసం పైపైన మార్చాను.

బ్రాడీపేట సభ్యుడు:

ఇది సన్నిధికి పాఠం చెప్పే వాక్యం. సన్నిధి అంటే మాటలు ఆలస్యం లేకుండా ఒకదాని వెంట ఒకటి రావడం. ఆవును అని ఒక జామున, తీసుకురా అని ఇంకో జామున అంటే అది వాక్యం కాదంటారు తార్కికులు. నీ 'లెవల్స్' గుంటూరులో రైలెక్కితే 'వాజ్' బెజవాడలో దిగింది. అంత దూరం వచ్చేసరికి కర్త బహువచనమన్న సంగతి నీకే గుర్తులేదు. పక్కన 'స్టోరేజ్' కనిపించింది, 'వర్' రాయాల్సిన చోట 'వాజ్' రాశావు. వచనం తప్పుల్లో చాలావాటికి కారణం గ్రామర్ తెలియకపోవడం కాదు, ఈ దూరమే.

ఈ దూరం ఎలా వచ్చిందో చూడు. తెలుగులో 'కోల్డ్ స్టోరేజీలో ఆరు నెలలు గోనె సంచుల్లో ఉంచిన కాయల్లో అఫ్లటాక్సిన్ ఎక్కువ ఉంది' అంటాం. విశేషణాలన్నీ ఎడమ వైపు ఎంత పేరుకున్నా 'అఫ్లటాక్సిన్', 'ఉంది' చివర దాదాపు పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లీషులో విశేషణ వాక్యం నామవాచకం తర్వాత వస్తుంది. అంటే కర్తకు తగిలించిన ప్రతి మాటా కర్తకూ క్రియకూ మధ్యలో పడుతుంది. మన భాషలో బరువు కర్తకు ముందు నిలుస్తుంది, వాళ్ల భాషలో అదే బరువు దారికి అడ్డం పడుతుంది. అందుకని బరువును క్రియ దాటించి చివరికి పంపాలి. 'అఫ్లటాక్సిన్ లెవల్స్ వర్ హై ఇన్ శాంపిల్స్ స్టోర్డ్ ఇన్ గన్నీ బ్యాగ్స్ ఫర్ సిక్స్ మంత్స్.'

1990లో అమెరికన్ సైంటిస్ట్ పత్రికలో జార్జ్ గోపెన్, జుడిత్ స్వాన్ సైన్సు రాత మీద ఒక వ్యాసం రాశారు. కర్త వెంటనే క్రియ రావాలన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. పాఠకుడు క్రియ కోసం ఎదురు చూస్తూ మధ్యలో వచ్చేదాన్ని అంతగా పట్టించుకోడంటారు. రెండో మాట మనకు ఇంకా పనికొస్తుంది: ఇంగ్లీషు పాఠకుడు వాక్యం చివర ఉన్నదానికి ఎక్కువ విలువ ఇస్తాడు. తెలిసిన సంగతి మొదట, కొత్త సంగతి చివర.

తెలుగులో మామూలుగా నొక్కి చెప్పే మాట క్రియకు ముందు కూర్చుంటుంది. 'ఈ పని ఎవరు చేశారు' అంటే 'ఈ పని రాముడు చేశాడు' అంటాం. అదే అలవాటుతో ఇంగ్లీషు రాస్తే అసలు విషయం వాక్యం నడుమ మునిగిపోతుంది, చివర ఏ 'ఇన్ ది ప్రెజెంట్ స్టడీ'యో మిగులుతుంది. మనకూ 'ఈ పని చేసింది రాముడు' అనే పద్ధతి ఉంది. ఇంగ్లీషు డిస్కషన్ చాప్టర్ రాసేటప్పుడు ఆ వాక్యం నడక మనసులో పెట్టుకుంటే సాయం చేస్తుంది.

వాక్యానికీ వాక్యానికీ మధ్య కూడా ఇదే. 'మిర్చిలో అఫ్లటాక్సిన్ బి1కి యూరోపియన్ యూనియన్ పెట్టిన హద్దు కిలోకి 5 మైక్రోగ్రాములు' అని ఆపావనుకో. తర్వాతి వాక్యం 'ఈ హద్దు' అని మొదలైతే పాఠకుడికి మెట్టు అందుతుంది. 'మన రైతులు' అని మొదలైతే వాడు గెంతాలి.

కానూరు సభ్యురాలు:

మేము ఇంజనీరింగ్ పిల్లలకు ఇంత చెప్పమండీ. చిన్న వాక్యాలు రాయండి, అంతే అంటాం. అది చాలదా?

బ్రాడీపేట సభ్యుడు:

మొదట్లో చాలుతుంది మేడమ్, పీహెచ్‌డీకి చాలదు. ముక్కలు చేసినప్పుడు 'కాబట్టి', 'అయినా', 'ఒకవేళ' రాలిపోతాయి. డిస్కషన్ చాప్టర్‌లో సరుకంతా ఆ మాటల్లోనే కదా ఉండేది. నలభై మాటలున్నా కర్త, క్రియ ముందే కలిసి కనిపించే వాక్యం హాయిగా చదవొచ్చు. పదిహేను మాటలదైనా అవి విడిపోతే తడబడతాం. పొడవు కన్నా ముందు సన్నిధి చూడమనండి.

పరిశోధక విద్యార్థిని:

నా అంతట నేను సరిచూసుకోవడం ఎలాగండీ? రాసేటప్పుడు అన్నీ బాగానే ఉన్నట్టు అనిపిస్తాయి.

బ్రాడీపేట సభ్యుడు:

బళ్లో పద్యానికి అన్వయం రాసేవాళ్లం కదా, అదే చెయ్యి. ముందు సమాపక క్రియను, అంటే వాక్యాన్ని పూర్తి చేసే క్రియను, పట్టుకుని కింద గీత గియ్యి. దాన్ని 'ఎవరు?' 'ఏది?' అని అడుగు. జవాబు వెంటనే దొరకాలి. ఆ తర్వాత వాక్యం మొదట్లో 'హావింగ్', 'యూజింగ్', 'బేస్డ్ ఆన్' లాంటివి ఉంటే, ఆ పని కూడా అదే కర్త చేయగలదా అని అడుగు. 'యూజింగ్ హెచ్‌పీఎల్‌సీ, ది శాంపిల్స్' అని ఉంటే, పదార్థాలను విడదీసి కొలిచే ఆ యంత్రాన్ని శాంపిల్సే నడుపుతున్నాయన్నమాట. నిజం చెప్పాలంటే అచ్చయిన పేపర్లలోనూ ఇది బోలెడు కనిపిస్తుంది, చాలామంది ఎడిటర్లు చూసీచూడనట్టు పోతారు. నువ్వు మాత్రం వదలకు.

రిటైర్డ్ ఇంగ్లీష్ లెక్చరర్, విజయవాడ:

నాదొకటి చేర్చండి. 'ఆల్దో' అని మొదలుపెట్టి మధ్యలో 'బట్' పెడతారు మనవాళ్లు. 'వాన పడినా కానీ' అనే అలవాటు అది. రెండిట్లో ఒకటి చాలు. అలాగే 'అకార్డింగ్ టు ఫలానా ఆథర్, హి స్టేటెడ్ దట్' అని రాస్తారు. 'ప్రకారం' అన్నాక మళ్లీ 'అని చెప్పాడు' ఎందుకు? లిటరేచర్ రివ్యూ నిండా ఇవే.

పరిశోధక విద్యార్థిని:

సర్, రెండోది నా రివ్యూలో పేజీకి ఒకటైనా ఉంది. 'ఫలానా ఆథర్ రిపోర్టెడ్ దట్' అని మారిస్తే సరిపోతుందా?

రిటైర్డ్ ఇంగ్లీష్ లెక్చరర్, విజయవాడ:

సరిపోతుందమ్మా. కాకపోతే ప్రతి వాక్యమూ ఆథర్ పేరుతోనే మొదలైతే అది హాజరు పట్టీలా ఉంటుంది. ఎవరు చెప్పారన్నది ముఖ్యమైన చోట పేరు ముందు పెట్టు, ఏం తేలిందన్నది ముఖ్యమైన చోట ఫలితంతో మొదలుపెట్టి పేరు బ్రాకెట్‌లోకి పంపు. రేపు ఒక పేరా ఇక్కడ పెట్టు, చూద్దాం.