పూతా, పోతా?

గాజువాకలో సెన్సార్లు బాగుచేసే చిన్న షాపు మాది. 120 డిగ్రీల ఓవెన్‌లో ఉండాల్సిన థర్మిస్టర్, అంటే వేడి కొలిచే సెన్సార్, ఒకటి వస్తే, కుర్రాడికి కాగితం మీద "ఎపాక్సీ పూత" అని రాసిచ్చాను. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. వాడు అక్షరాలా అదే చేశాడు. చేతికందిన, అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ తీసి బ్రష్‌తో పూసేశాడు. వారానికే తిరిగొచ్చింది. వేడి మీద తీగ పట్టుకుంటే పైపొర పాత రబ్బరులా నలిగి ఊడింది.

తప్పు నా మాటది. పూస్తే పూత, పోస్తే పోత. పోత ఇనుము, పోత విగ్రహం అంటాం కదా, అది. సెన్సార్‌ని గొట్టంలో పెట్టి చుట్టూ నిండా పోయడం, అంటే పాటింగ్, నాకు కావాల్సింది. ఎపాక్సీ రకం రాయకపోవడం రెండో తప్పు. ఈ సంగతి చెబితే తెలిసినాయన ఒకరు ప్రశ్నలు మొదలుపెట్టారు.

— లక్క అనొచ్చు కదండీ? పక్కనే లక్క బొమ్మల ఏటికొప్పాక ఉండగా!

— అనలేమండీ. లేత్ మీద తిరిగే అంకుడు కర్రకి లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. మళ్లీ వేడి చూపితే మళ్లీ కరుగుతుంది. ఎపాక్సీ అలా కరగదు, ఒక వేడి దాటాక మెత్తబడుతుందంతే. నేను దాన్ని 'మెత్తబడే వేడి' అంటున్నాను. మామూలు రకాలకి అది 50, 60 డిగ్రీల్లోనే వచ్చేస్తుంది. ఓవెన్‌లో ఉడికించే రకాలకి 150 కూడా దాటుతుంది.

— 'గాజు పరివర్తన ఉష్ణోగ్రత' అనాలేమో?

— పరీక్షలో రాయండి సార్, షాపులో కుర్రాడు పారిపోతాడు.

— ఉడికించడం ఏమిటి? ఆరబెట్టడం కదా?

— ఆరాలంటే తడి పోవాలి. ఇందులో పోయేదేమీ లేదు, రెండు ద్రవాలు కలిసి వేరే పదార్థమవుతాయి. నెయ్యి పేరుకుంటుంది, మళ్లీ కరుగుతుంది. ఇడ్లీ ఉడికాక మళ్లీ పిండి కాదు. ఎపాక్సీ ఇడ్లీ జాతి. ఇంకో మాట, గట్టి ఎపాక్సీ వేడికి రాగి కంటే దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. మాటిమాటికీ వేడెక్కి చల్లారే చోట టంకం పగిలిపోతుంది. అక్కడ నేనైతే రబ్బరులా మెత్తగా ఉండే సిలికోనే పోస్తాను. వెనిగర్ వాసనొచ్చే రకం మాత్రం వద్దు, రాగిని తినేస్తుంది.

— అయితే ఎపాక్సీని గట్టిపరిచే ఆ రెండో ద్రవాన్ని, హార్డెనర్‌ని, 'తోడు' అందామా?

— ముచ్చటగా ఉంది గానీ, తోడు కాస్త ఎక్కువైనా పెరుగు పెరుగే. ఇది తూకం తప్పితే జిగటగానే ఉండిపోతుంది. హార్డెనర్ అనే ఉండనివ్వండి.