కండె తంతువులా, కదురు తంతువులా?

నల్లగొండ: ఇంటర్‌లో మా బోటనీ సార్ కణవిభజన మీద డిక్టేషన్ చెప్పిన వాక్యం సగమే గుర్తుంది. “...చీలి, పిల్ల క్రోమోజోములు కదురు తంతువుల వెంట ధ్రువాలకు చేరును.” స్పిండిల్ ఫైబర్లకు, అంటే కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను లాగే పోగులకు, తెలుగు మాట కదురేనా? “చీలి”కి ముందు ఏముంది?

మహబూబ్‌నగర్: కండె, అన్నా. మేం చదివింది కండె తంతువులే.

పోచంపల్లి: కండె సరైన మాట. మగ్గం నాడెలో పెట్టే పేక (అడ్డపు) నూలు చుట్ట చూడండి, నడుమ లావు, కొసలు సన్నం. కణం బొమ్మలో ఉన్నదీ అదే. కదురు నూలు వడికే ఉత్త పుల్ల, నూలు పడితేనే దానికి పొట్ట.

సూర్యాపేట: ఆకారమే లెక్కయితే ఉల్లి వేరు కొన స్లైడు చూడండి సార్. మొక్క కణంలో ధ్రువం దగ్గరుండే సెంట్రియోల్ అనే కణాంగం ఉండదు, ధ్రువాలు మొద్దుగా ఉంటాయి. కొసలు సన్నబడేది జంతుకణంలో. నా ఓటు కదురుకే.

పోచంపల్లి: కదురు మీద నూలు పెరుగుతుంది మేడం. క్రోమోజోములు ధ్రువాలకు పోయే చలనదశలో తంతువు తరుగుతుంది. క్రోమోజోము మీది ముడిని, అంటే సెంట్రోమియర్‌ను, పట్టుకున్న కొస దగ్గర ఊడిపోతూ పొట్టిదవుతుంది. కదురు ఎట్లా పొసగుతుంది?

గద్వాల: 1882లో కణశాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమ్మింగ్ సమవిభజనను మైటోసిస్ అన్నదే దారం అనే గ్రీకు మాట నుంచి. నూలు వాసన అక్కడే ఉంది.

నాగర్‌కర్నూల్: ఈ దశలు చదివినప్పుడల్లా నాకు పోతన గజేంద్రుడే గుర్తొస్తాడు. “ఒకపరి జగముల వెలినిడి, యొకపరి లోపలికి గొనుచు...” ప్రథమదశలో క్రోమోజోములు చుట్టుకుని, పొట్టివై కంటికి కనబడతాయి. అంత్యదశలో మళ్లీ సన్నని పోగులై కేంద్రకంలో కలిసిపోతాయి. మనిషి కణం ఒక్కదానిలో దాదాపు 2 మీటర్ల డీఎన్‌ఏ! “ఉభయము దానై” అంటే ఆ రెండు పనులూ అనే నా అర్థం.

గద్వాల: పనులు కాదన్నా, లోపలా బయటా రెండూ తానే అని. వెంటనే “సకలార్థసాక్షి” వస్తుంది కదా, పద్యాన్ని సగంలో ఆపితే ఎట్లా?

నాగర్‌కర్నూల్: సాక్షి అంటే వేరుగా నిలబడి చూసేవాడు. అప్పుడు రెండూ తానెట్లా అవుతాడు? నా మాట మీదే ఉన్నా.

సూర్యాపేట: అడిగిన వాక్యానికి వద్దాం. “చీలి” ముందున్నది సెంట్రోమియర్లైతే అది సమవిభజన, లేదంటే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే క్షయకరణలో రెండో విభజన. క్షయకరణ మొదటి విభజనలో సెంట్రోమియర్ చీలదు.

నల్లగొండ: “సమజాత” అన్న మాట చెవిలో ఉంది మేడం.

సూర్యాపేట: అయితే అది మొదటి విభజనే. సమజాత అంటే జతకట్టే ఒకే రకం క్రోమోజోములు; ఆ జతలో ఒక్కొక్కటి తన రెండు క్రోమాటిడ్లతోనే (పాయలతోనే) పోతుంది కాబట్టి “చీలి” కాదు, “విడివడి” అయ్యుండాలి. “పిల్ల” కూడా ఆ వాక్యంలోది కాదు.