పెళ్లి మర్నాడు ఉదయానికి మామిడిపండ్ల బ్రెడ్ బేక్: ముందు రాత్రి ఎంతవరకు సిద్ధం చేసుకోవచ్చు?

ప్రశ్న: కావలి కోడలు

అందరికీ నమస్కారం. మే నెల మూడో వారంలో మా మరిది వివాహం కావలిలో జరగనున్నది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక కావడంతో మా ఇంట్లో దిగే దగ్గరి బంధువులు మర్నాడు పొద్దున్నే లేచే అవకాశం లేదు. అందుచేత పది, పదకొండు గంటల మధ్య టిఫినూ భోజనమూ కలిసివచ్చేలా ఒకే పూట పెట్టాలని మా అత్తగారు నిర్ణయించారు. ఇడ్లీలు, కారం దోసెలు ఆమె చూసుకుంటారు. పండ్లతో చేసే తియ్యని వంటకం ఒకటి నా వంతుకు వచ్చింది.

పాలు, గుడ్లు, చక్కెర కలిపిన మిశ్రమంలో బ్రెడ్డు ముక్కలను రాత్రంతా నానబెట్టి, ఉదయం పండ్లు చేర్చి ఓవెన్‌లో కాల్చే ఫ్రెంచ్ టోస్ట్ క్యాసరోల్ చేయాలని ఉంది. ఆ రాత్రి నిద్ర ఉండదు కాబట్టి తెల్లవారాక నేను చేయవలసిన పని ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. తినేవారు పన్నెండు మంది దాకా ఉంటారు. మా ఇంట్లో ఉన్నది 30 లీటర్ల ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్. మామిడిపండ్లను రాత్రే కలిపి పెట్టవచ్చునా, లేక ఉదయం వేయాలా? మా మామగారూ మరి ఇద్దరు పెద్దవారూ గుడ్డు తినరు; వారి కోసం వేరే ట్రే ఎలా చేయాలి? ఈ ఎండల్లో గుడ్లు, పాలు కలిపిన మిశ్రమం పాడవకుండా ఉంచడానికి తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: ఒంగోలు బేకింగ్

కావలి కోడలు గారికి నమస్కారం. మీరు చెప్పిన పద్ధతి గట్టి పెచ్చు ఉండే పాశ్చాత్య బ్రెడ్డు కోసం ఏర్పడింది. అటువంటి బ్రెడ్డు పాలను మెల్లగా పీల్చుకుంటుంది కనుక దానికి ఒక రాత్రి అవసరం. మన బేకరీల్లో దొరికే మిల్క్ బ్రెడ్ చాలా మెత్తనిది. గంటలోపే పూర్తిగా నానుతుంది, రాత్రంతా ఉంచితే ముక్కలు కరిగిపోయి కాల్చిన తరువాత పిండిముద్దగా తయారవుతుంది. కాబట్టి ముందు రోజు ప్రతి వస్తువునూ విడివిడిగా సిద్ధం చేసి, ఉదయం వాటిని కలపడం ఒక్కటే మిగుల్చుకోవాలని నా సలహా. ఇందులో మీకు మరో సౌకర్యం ఉన్నది. పెళ్లింట్లో ఫ్రిజ్ నిండా పాల ప్యాకెట్లు, పూలు ఉంటాయి గనుక రెండు వెడల్పాటి ట్రేలకు చోటు దొరకడం కష్టం. మూత ఉన్న స్టీలు గిన్నె ఒకటి ఏ మూలనైనా ఇముడుతుంది.

కొలతలు ఇవి. బ్రెడ్డు 500 గ్రాములు, గుడ్లు 8, కాచి చల్లార్చిన చిక్కటి పాలు 650 మిల్లీలీటర్లు, చక్కెర 100 గ్రాములు, పావు చెంచా ఉప్పు, అర చెంచా యాలకుల పొడి, కరిగించిన వెన్న రెండు పెద్ద చెంచాలు. పాశ్చాత్య వంటకాల్లో ఇంత మిశ్రమానికి 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు గల పెద్ద ట్రే చెబుతారు గానీ అది మీ ఓటీజీలో ఇమడకపోవచ్చు. 8 అంగుళాల చదరపు ట్రేలు రెండు తీసుకుంటే వైశాల్యం దాదాపు అంతే వస్తుంది. ఒక్కొక్క ట్రేనే కాల్చవలసి వచ్చినా చింతించనవసరం లేదు. బంధువులు ఎలాగూ రెండు బంతులుగా కూర్చుంటారు, రెండో ట్రే రెండో బంతికి వేడిగా అందుతుంది. ఒక ట్రేకు గుడ్డు వాడకపోతే పై కొలతలను సగం చేసుకుంటే చాలును.

బ్రెడ్డు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రాత్రంతా బయట ఉంచి ఆరనివ్వమని చాలామంది రాస్తారు. కావలి, ఒంగోలు వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కనుక బ్రెడ్డు ఆరకుండా చెమ్మగిల్లుతుంది, రెండో రోజుకు బూజు పట్టినా ఆశ్చర్యం లేదు. అంగుళం ముక్కలుగా కోసి, ఓటీజీని 120 డిగ్రీల వద్ద ఉంచి, పదిహేను ఇరవై నిమిషాలు ఎండబెట్టండి. రంగు మారకూడదు, తాకితే పైభాగం గరుకుగా ఉండాలి. పూర్తిగా చల్లారిన తరువాత గాలి చొరని డబ్బాలో పెడితే పెళ్లికి రెండు రోజుల ముందే ఈ పని ముగించుకోవచ్చు.

పెళ్లి నాటి సాయంత్రం గుడ్లు, పాలు, చక్కెర, ఉప్పు, యాలకుల పొడి బాగా గిలక్కొట్టి, వడగట్టి, మూత పెట్టి ఫ్రిజ్‌లో లోపలి వైపున ఉంచండి. మాటిమాటికీ తెరిచే తలుపు అరల్లో పెట్టవద్దు. ఉదయం ఎనిమిదిన్నరకు ట్రేలకు వెన్న రాసి, బ్రెడ్డు పరచి, మిశ్రమం పోసి, పైముక్కలు కూడా తడిసేలా గరిటెతో మెల్లగా అదిమి, మళ్లీ ఫ్రిజ్‌లోనే నలభై ఐదు నిమిషాలు నానబెట్టండి. ఆ వేళకు ఫ్రిజ్‌లో కొంత చోటు ఖాళీ అవుతుంది. ఓటీజీని ముందుగా వేడిచేసి, పైన కరిగించిన వెన్న చల్లి, 175 డిగ్రీల వద్ద ఫాయిల్ కప్పి 25 నిమిషాలు, ఫాయిల్ తీసివేసి మరో 20 నిమిషాలు కాల్చాలి. నడుమ భాగం ఉబ్బి, గుచ్చిన చాకుకు పచ్చి పాలు అంటకుండా రావాలి. వంటింటి థర్మామీటరు ఉంటే మధ్యలో 71 డిగ్రీలు దాటినదీ లేనిదీ చూసుకోండి; గుడ్లతో చేసిన వంటకం నిరపాయంగా ఉడికిందనడానికి అది కొలమానం. అలాగని అతిగా కాల్చితే గుడ్డు బిగుసుకుని నీటిని వదిలేస్తుంది, ట్రే అడుగున నీరు చేరుతుంది. దించాక పది నిమిషాలు ఆగి కోస్తే ముక్కలు చక్కగా నిలుస్తాయి.

గాజు ట్రే వాడేటట్లయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓటీజీలో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉన్నది. అల్యూమినియం ట్రేలో పుల్లని పండ్లు తగిలితే లోహపు రుచి వస్తుంది గనుక అడుగున బటర్ పేపర్ పరచండి. పండ్లను మాత్రం ఉదయమే చేర్చండి. వండని మామిడిపండు ముక్కలు చక్కెర తగలగానే నీరు వదులుతాయి, ఆ నీటితో కస్టర్డ్, అంటే గుడ్లూ పాలూ కలిపిన మిశ్రమం, పలచబడుతుంది.

జవాబు: ఉలవపాడు తోట

బేకింగ్ గారు బ్రెడ్డు గురించి రాసినదంతా సమంజసంగా ఉన్నది. పండు విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. మామిడిని రాత్రి ముట్టుకోకపోవడం కంటే, సగం పండును రాత్రే వండి పెట్టుకోవడం మేలని నేననుకుంటాను.

మే నెలలో మీకు బంగినపల్లి కాయలు పుష్కలంగా దొరుకుతాయి. నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లే జాతీయ రహదారి మీద ఉలవపాడు దగ్గర బుట్టలు పెట్టి అమ్ముతూనే ఉంటారు. ఈ వంటకానికి పీచు లేని బంగినపల్లే తగినది. రసాలు తినడానికి ఎంత మధురంగా ఉన్నా ముక్కలుగా నిలవవు, నీరూ ఎక్కువ. కాయ పండి ఉండాలి గాని మెత్తబడిపోకూడదు. తొడిమ దగ్గర వాసన వస్తూ, వేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగే పండ్లను ఎంచుకోండి. పెళ్లికి నాలుగైదు రోజుల ముందు పరువానికి వచ్చిన కాయలు కొని, ఇంట్లో గడ్డిలో పండబెట్టుకోవడం అన్నిటికంటే మంచిది.

రెండు పెద్ద పండ్లలో ఒకదానిని చిన్న ముక్కలుగా కోసి, రెండు చెంచాల చక్కెరతో అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద వేసి, వదిలిన నీరు ఇగిరి ముద్ద చిక్కబడే వరకు ఉడికించండి. దించిన తరువాత ఒక చెంచా నిమ్మరసం కలపండి. ఇది చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలువ ఉంటుంది. ఉదయం సగం బ్రెడ్డు పరచాక ఈ ముద్దను మధ్య పొరగా వేసి, మిగిలిన బ్రెడ్డుతో కప్పండి. రెండో పండును మాత్రం ఓవెన్‌లో పెట్టవద్దు. వేడి తగిలిన మామిడి తన సువాసనను చాలావరకు పోగొట్టుకుంటుంది. అప్పటికప్పుడు కోసిన ముక్కలను వడ్డించేటప్పుడు పైన పరిస్తే కాలిన బ్రెడ్డు వేడికీ పండు చల్లదనానికీ జోడీ కుదురుతుంది. నా దృష్టిలో ఈ వంటకానికి ప్రాణం అక్కడే ఉన్నది.

నిమ్మ గురించి ఒక మాట. పొదలకూరు నిమ్మకాయలు మీకు దగ్గరే. వాటి పచ్చని తొక్కను తురిమి పాల మిశ్రమంలో వేస్తే గుడ్డు వాసన అణిగిపోతుంది, మామిడి రుచి పైకి వస్తుంది. తెల్లని లోపలి పొర తగలకూడదు, అది చేదు. రసాన్ని మాత్రం పాలలో పోయవద్దు, విరిగిపోతాయి.

మామిడికి బదులు అనాసగాని బొప్పాయిగాని వేయాలని ఎవరైనా సలహా ఇస్తే, పచ్చిగా పాలలో కలపవద్దు. ఆ రెండు పండ్లలోనూ మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. నానుతున్నంతసేపూ అవి పని చేస్తాయి కనుక పాలు చేదెక్కుతాయి, కస్టర్డ్ గట్టిపడదు. కొద్ది నిమిషాలు బాగా ఉడికించి వేస్తే ఆ బాధ ఉండదు. సపోటా ఈ విషయంలో నమ్మదగిన పండు. బాగా పండినది తీసుకోండి, చక్కెర తగ్గించండి.

జవాబు: మూలాపేట వంటిల్లు

అమ్మాయీ, గుడ్డు తినని పెద్దవారి ట్రే సంగతి నేను చెబుతాను. అన్నిటికంటే ముందు వారి గిన్నె, గరిటె, ట్రే వేరుగా పెట్టు. ఆ ట్రేకు ఫాయిల్ మీద గుర్తు రాయి. వడ్డించే హడావిడిలో తారుమారైతే పెద్దవారి మనసు కష్టపడుతుంది.

గుడ్డు లేని కస్టర్డ్‌కు మన అంగళ్లలో దొరికే కస్టర్డ్ పౌడర్ చాలు. 1837లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన గుడ్లు పడని తన భార్య కోసం కనిపెట్టిన పొడి ఇది. అందులో ప్రధానంగా ఉండేది మొక్కజొన్న పిండి. ఒక ట్రేకు పాలు 400 మిల్లీలీటర్లు, పౌడర్ రెండు పెద్ద చెంచాలు, చక్కెర 50 గ్రాములు, బ్రెడ్డు 250 గ్రాములు సరిపోతాయి. పౌడర్‌ను పచ్చిగా పాలలో కలిపి బ్రెడ్డు మీద పోస్తే పిండి అడుగుకు దిగి ఉండకడుతుంది, పైన పాలు పలచగా మిగిలిపోతాయి. అందువల్ల కొద్ది చల్లని పాలలో పౌడర్ కరిగించి, చక్కెర వేసి మరుగుతున్న మిగిలిన పాలలో పోసి, గరిటెకు పలచగా పట్టేంతవరకు కలియబెట్టి దించు. మీగడ కట్టకుండా కలుపుతూ చల్లార్చు. రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చిక్కబడుతుంది, ఉదయం అర గ్లాసు గోరువెచ్చని పాలు చేర్చి గిలక్కొడితే పోయడానికి వీలవుతుంది. ఈ ట్రే 30 నుంచి 35 నిమిషాల్లో కాలుతుంది, గుడ్డు ట్రేలాగా ఉబ్బదు. పైన నేతిలో వేయించిన వేటపాలెం జీడిపప్పు చల్లితే ఆ లోటు తెలియదు.

గుడ్డు ట్రేకన్నా ముందు దీన్నే కాల్చి, పెద్దవారికి మొదటి బంతిలో వడ్డించు.

తిరుగు ప్రశ్న: కావలి కోడలు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మామిడి ముద్దను రెండు రోజుల ముందే చేసుకోవచ్చునని తెలిసి చాలా ఊరట కలిగింది. రెండు సందేహాలు మిగిలాయి. మా అత్తగారు చక్కెరకు బదులు బెల్లం వేయమంటున్నారు, అలా చేయవచ్చునా? ఎండాకాలంలో మా వీధిలో ఉదయం పూట కరెంటు పోవడం మామూలే. ఓటీజీ పనిచేయని పక్షంలో నానిన ట్రేలను ఏం చేయాలి?

జవాబు: ఒంగోలు బేకింగ్

బెల్లాన్ని పాల మిశ్రమంలో కలపకండి. బెల్లంలో కొంత ఆమ్లగుణం ఉండటం వల్ల వేడెక్కినప్పుడు పాలు విరిగే అవకాశం ఎక్కువ. అత్తగారి మాట తీసివేయనక్కరలేదు. తోట గారు చెప్పిన మామిడి ముద్దలో చక్కెరకు బదులు బెల్లం వేయండి, అక్కడ పాలు లేవు కనుక ఏ ఇబ్బందీ రాదు, రుచి కూడా నిండుగా ఉంటుంది.

కరెంటు విషయానికి వస్తే, తలుపు తెరవకుండా ఉంచిన ఫ్రిజ్ నాలుగు గంటల వరకు చల్లదనాన్ని కాపాడుతుంది. అందుకే కస్టర్డ్ గిన్నెను చివరి నిమిషం వరకు బయటికి తీయవద్దు. గది వేడిమి 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గుడ్లు, పాలు కలిపిన మిశ్రమం గంటకు మించి బయట ఉండకూడదు. మే నెలలో మీ వంటగది ఉదయం తొమ్మిదికే ఆ వేడి దాటుతుంది. వండిన ట్రేలకూ ఇదే నియమం. మిగిలినదాన్ని వడ్డన ముగియగానే ఫ్రిజ్‌లో పెట్టించండి, సాయంత్రం బాగా వేడిచేసి తినవచ్చు.

నానబెట్టిన తరువాత కరెంటు పోతే గ్యాస్ పొయ్యి ఉండనే ఉన్నది. మిశ్రమాన్ని అంచులున్న స్టీలు గిన్నెల్లోకి రెండంగుళాల మందానికి మించకుండా మార్చి, ఆవిరి నీరు పడకుండా పైన ఫాయిల్ బిగించి, ఇడ్లీ పాత్రలో నీరు మరిగాక పెట్టి, మంట తగ్గించి 30 నుంచి 35 నిమిషాలు ఉడికించండి. ఉడికిందో లేదో చాకుతో అదే విధంగా పరీక్షించండి. పైభాగం ఎర్రబడదు కాబట్టి, కొంచెం చల్లారాక చతురస్రాలుగా కోసి, దోసె పెనం మీద నెయ్యి వేసి రెండు వైపులా కాల్చి వడ్డించండి. అత్తగారి దోసెలు అయ్యాక పెనం ఎలాగూ వేడిగానే ఉంటుంది. కారం అంటకుండా ఒకసారి తుడుచుకుంటే చాలు.