వలస వచ్చినవాళ్లూ స్థానికులూ నిజంగా కలిసేలా ఏం చేయవచ్చు?

అందరికీ నమస్కారం. కొత్తగా వలస వచ్చిన కుటుంబాలకు స్థానిక భాష నేర్పే చిన్న బృందంలో నేను వాలంటీరుని. ఒక విషయంలో మీ సలహా కావాలి.

మా క్లాసుకి ఒక తల్లి, తొమ్మిదేళ్ల కూతురు వస్తారు. ఏ ఫారం ఇచ్చినా తల్లి దాన్ని కూతురి ముందుకు జరుపుతుంది. పాప ఒక్కో గడి మీద వేలు పెట్టి, అమ్మకి తమ భాషలో చెప్పి, జవాబు రాస్తుంది. మొన్న ఒక మాటకి తమ భాషలో పదం తట్టక పాప ఆగిపోయింది. తల్లి ముఖం వాడిపోయింది. అది చూసి నాకు మనసు చివుక్కుమంది.

వలసదారులు రెండు సంస్కృతులనూ నిలుపుకోవచ్చు, సొంతది వదిలేసి కొత్తదానిలో కలిసిపోవచ్చు, విడిగా ఉండిపోవచ్చు, లేదా రెండింటికీ కాకుండా పోవచ్చు అంటారు మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ. మొదటిదే మేలని నా నమ్మకం. కానీ అది వచ్చినవాళ్ల చేతిలో మాత్రమే లేదు, స్థానికులూ చోటివ్వాలి కదా. కెనడా 1971లోనే బహుళ సంస్కృతులను ప్రభుత్వ విధానంగా ప్రకటించింది. విధానం సరే, పక్కింటివాళ్లతో మాట కలిసేదెలా?

మేం ఒక సాంస్కృతిక కార్యక్రమం పెట్టాం. వలస వచ్చినవాళ్లు వేదిక మీద, స్థానికులు కుర్చీల్లో. చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అని నేను అనలేను.

వేరే దేశంలో స్థిరపడినవాళ్లు దయచేసి చెప్పండి. స్థానికులతో మీకు మొదటి స్నేహం ఎలా కుదిరింది? పిల్లల మీద అనువాదం భారం పడకుండా, ఇంటి భాష పోకుండా ఏం చేశారు? వచ్చే నెల కొత్త బ్యాచ్ మొదలవుతుంది, ఈలోపే ఏదైనా మార్చాలని ఉంది.