ఉగాండా వైద్య సేవకు మళ్ళీ వెళ్ళాలా, ఆ డబ్బు క్లినిక్‌కే పంపాలా?

పెదవాల్తేరు నర్సు:
అందరికీ వందనాలు. నిరుడు మా చర్చి సంఘం నుంచి పన్నెండు మందిమి ఉగాండాలో ఒక పల్లె క్లినిక్‌కు వెళ్ళి పది రోజులు సేవ చేసి వచ్చాం. ఈ ఏడాదీ వెళ్ళాలని కమిటీ కానుకలు పోగుచేస్తోంది. నేను వద్దంటున్నాను. మనిషికి లక్షకు పైగా అయ్యే ఆ ప్రయాణ ఖర్చును క్లినిక్ చేతికే ఇవ్వమంటున్నాను. తిరిగి వచ్చాక ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు చెబుతాను.

ఆ క్లినిక్‌లో ఉన్నది ఇద్దరే నర్సులు. ఊరివాళ్ళది లుగాండా భాష, మాకు ఒక్క ముక్క రాదు. పది రోజులూ ఆ ఇద్దరూ మా పక్కన నిలబడి మా మాటలు వాళ్ళకూ, వాళ్ళ మాటలు మాకూ చెప్పారు. మూడో రోజు పిల్లల టీకాల రోజు. బిడ్డలను వీపున కట్టుకుని వచ్చిన తల్లులు మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చున్నారు. వచ్చే వారం రమ్మంటే లేచి వెళ్ళిపోయారు. టీకాలున్నాయి. వేయవలసిన నర్సులే మా దగ్గర చిక్కుకుపోయారు.

ఇక మందులు. ఇంటింటా అడిగి తెచ్చినవి, సగం వాడినవి, కత్తిరించినవి. అక్కడి పెద్ద నర్సు ఒక్కో స్ట్రిప్పునూ కిటికీ వెలుగులో పెట్టి, తిప్పి తిప్పి గడువు తేదీ వెతికింది. తేదీ ఉన్న కొస తెగిపోయినవన్నీ ఒక అట్టపెట్టెలో వేసింది. సాయంత్రానికి పెట్టె నిండిపోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. దానంగా ఇచ్చే మందులకు, అవి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని, రోగులు వాడగా మిగిలినవి పంపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. నర్సునై ఉండి నేనే చూసుకోలేదు.

గాజువాక యువకుడు:
అక్కా, నేనూ మీతో వచ్చినవాణ్ణే. మీరు చెప్పింది నిజం. కానీ వెళ్ళకపోతే ఆ డబ్బు వస్తుందా? స్త్రీల సమాజంవాళ్ళు అరిసెలు, జంతికలు చేసి అమ్మింది మన పిల్లలు వెళుతున్నారనే కదా! ముఖం చూడని క్లినిక్‌కు ఏటా ఎవరిస్తారు? తిరిగి వచ్చాకే నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. అది కూడా వృథాయేనా?

పాడేరు టీచరు:
అసలు ఉగాండా దాకా ఎందుకు? విశాఖ నుంచి వంద కిలోమీటర్లు దాటితే పాడేరు. 2022లో జిల్లా కేంద్రమైంది. అయినా రోడ్డు లేని కొండ ఊళ్ళలో నొప్పులు మొదలైన తల్లిని ఇప్పటికీ డోలీలో మోస్తున్నారు. ఇక్కడికి రావడానికి వీసా అక్కర్లేదు.

మహారాణిపేట డాక్టరు:
వెళ్ళడమే తప్పనను. ఎవరు వెళుతున్నారు, ఏం చేసి వస్తున్నారు అన్నదే ప్రశ్న. బీపీ ఉన్నామెకు ముప్పై మాత్రలిచ్చి వస్తే ముప్పై ఒకటో రోజు ఆమె ఏం మింగాలి? ఇక్కడ ఎంత పెద్ద డాక్టరైనా అక్కడ వైద్యం చేయాలంటే ఆ దేశపు వైద్య కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదు కావాలి. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు బ్యాగు, మాస్కుతో గాలి అందించడం అక్కడి నర్సులకు నేర్పి రండి. మనం వచ్చేసినా ఆ చేతులు అక్కడే ఉంటాయి.

పెదవాల్తేరు నర్సు:
తమ్ముడూ, నీ చదువు వృథా అని నేను ఎలా అంటాను? కానీ నువ్వూ నేనూ నేర్చుకున్నదానికి వెల చెల్లించింది వరండాలోని ఆ తల్లులు. డబ్బు రాదేమోనన్న భయం నాకూ ఉంది. అందుకే డాక్టరు గారి మాట పట్టుకుంటున్నాను. నేర్పగలిగినవాళ్ళు ఇద్దరు వెళ్ళనివ్వండి. మిగతా పదిమంది ఖర్చు ఆ క్లినిక్‌కు వెళ్ళాలి. ఆ ఇద్దరే తిరిగి వచ్చి సంఘానికి లెక్క చెబుతారు.

టీచరు గారూ, పాడేరుకు తప్పక రావాలి. కానీ పది రోజులకని వచ్చి, ఫోటోలు దిగి వెళ్ళిపోతే అక్కడా ఇదే తప్పు చేసినవాళ్ళమవుతాం. 1805లో లండన్ మిషన్ నుంచి మన విశాఖ వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజస్ ముందు తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. 1810 కల్లా ఇద్దరూ ఈ దేశంలోనే కన్నుమూశారు. వాళ్ళంత చేయమని ఎవరినీ అడగను. మనం వెళ్ళేచోట ఏం కావాలో ముందుగా అడగనైనా అడగాలి కదా.

నిరుడు నేను అడగలేదు. మొన్న గురువారం ఆ పెద్ద నర్సుకు ఫోన్ చేసి అడిగాను. మూడో నర్సుకు జీతం, టీకాల ఫ్రిజ్‌కు బ్యాటరీ, మోటార్‌సైకిల్‌కు పెట్రోలు అంది. మరి మేం రావడం సంగతేమిటన్నాను. కాసేపు ఊరుకుని, "రండి, సంతోషమే. టీకాల రోజు కాకుండా చూసుకుని రండి" అంది.